ముడతల పండు

పండ్ల కొట్టు ముందు నిలబడితే నా చెయ్యి నిగనిగలాడే దాని మీదకే పోతుంది. మీదీ అంతేనని నాకు తెలుసు. ఆ ధైర్యంతోనే ఇది చెబుతున్నాను.

బ్రిస్బేన్‌లో మా పక్కింటి పెద్దావిడ కంచె నిండా పాషన్ ఫ్రూట్ తీగ. పువ్వు చూస్తే మన వైపు కౌరవ పాండవుల పువ్వు అంటామే, దానికి దగ్గరి చుట్టం. ఒకరోజు ఆవిడ బుట్టెడు పండ్లు తెచ్చిచ్చింది. ఊదారంగు, ఒళ్లంతా ముడతలు. సంబరంగా థాంక్స్ చెప్పి, ఆవిడ గుమ్మం దాటగానే చెత్తడబ్బాలో కుమ్మరించాను. వాడిపోయినవి మనకి అంటగట్టిందనుకున్నాను.

ఆ శనివారం మా ఇంట్లో విందు. పావ్లోవా చేసి ఊరంతా మెచ్చుకునేలా చేయాలని నా తాపత్రయం. గుడ్డు తెల్లసొనతో పెళుసుగా కాల్చి, పైన క్రీమ్, ఆ పైన ఈ పండు గుజ్జు వేస్తారు. 1926లో ఇక్కడికీ న్యూజిలాండ్‌కీ వచ్చి నాట్యమాడిన అన్నా పావ్లోవా పేరు పెట్టుకుని, మాదంటే మాదని రెండు దేశాలూ ఇంకా పోట్లాడుకుంటున్నాయి. అంత ఘనమైన వంటకానికి ముడతల పండ్లా? సూపర్ మార్కెట్‌కి వెళ్లి అద్దంలా మెరిసేవి ఏరి తెచ్చాను.

అతిథులు కూర్చున్నారు. బ్రెజిల్‌లో కండెన్స్‌డ్ మిల్క్‌తో మూస్ చేస్తారన్నాను, పెరూలో పచ్చిచేపల సెవిచేలో పిండుతారన్నాను, హవాయిలో లిలికోయ్ అని పిలిచి వెన్నలా వండి రొట్టెకి రాస్తారన్నాను. అంటూనే పండు కోశాను, గుజ్జు పాలిపోయి ఉంది, గింజలు అడ్డమనిపించి మిక్సీలో వేసి తిప్పాను, గింజలు నుసి నుసి అయ్యాయి, ఆ బూడిదరంగు చేదుపులుపునే క్రీమ్ మీద పోసేశాను. మొదటి ముద్దకే అందరి కళ్లూ మూతపడ్డాయి. పక్కింటావిడ కూడా ఉంది. "ఏ పండ్లివి?" అంది. నా నోరు నన్నడగకుండానే అనేసింది: "మీరిచ్చినవే."

ఆవిడ ముఖం చిన్నబోయింది. ఈ ఏడు తీగకి ఏదో అయినట్టుంది, ఏమనుకోవద్దంది. పులుపు సంగతి మర్చిపోయాను కానీ, ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది. నలుగురిలో పరువు నిలబెట్టుకోవడానికి మనం ఎవరి మీదకైనా తోసేస్తాం కదా!

మర్నాడు వెళ్లి చెత్తడబ్బాతో సహా అంతా చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు. తీగ కింద తనంతట తానే రాలిన పండు ఏరి నా చేతిలో పెట్టింది. తోలులో తేమ తగ్గి ముడుచుకునే కొద్దీ పులుపు తగ్గి తీపి పైకొస్తుందట. చేతికి బరువుగా ఉంటే లోపల గుజ్జు ఉన్నట్టే. సగానికి కోసి చెంచాతో తినిపించింది. గింజలు తీయకూడదు, కరకరా నమలాలి. ఎంత సువాసనో!

ఆవిడకి నిజం చెప్పాను గానీ ఆ రోజు తిన్నవాళ్లకి ఇంకా చెప్పలేదు. వాళ్లు ఇప్పటికీ ఆ తీగదే తప్పనుకుంటున్నారు.