పికప్ పెరిగిందన్నా!

బోరబండ సైట్-3 నుంచి మాదాపూర్ వైపు రోజూ బుల్లెట్ మీద వెళ్ళే సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో ఒక ప్రత్యేక జాతి ఉంది. వయసు ముప్పైకీ నలభైకీ మధ్య. ఎంఎంటీఎస్ ఎక్కితే బోరబండ తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. అయినా ఈ జాతి రైలెక్కదు. రైలుకు ఎయిర్ ఫిల్టర్ మార్చనివ్వరు.

ఈ జాతివాడి బండి కంపెనీ నుంచి వచ్చినది వచ్చినట్టు ఎక్కువ రోజులు ఉండదు. ఒక ఆదివారం పుత్లీబౌలికి పోయి, నూనె పూసిన ఎర్రటి నూలుగుడ్డ ఫిల్టర్ ఒకటి పట్టుకొస్తాడు. ఈ రకానికి పేరు తెచ్చింది కాలిఫోర్నియాకు చెందిన కే అండ్ ఎన్ కంపెనీ. ఇతనికి పెళ్ళిరోజు గుర్తుండదు గానీ ఆ కంపెనీ చరిత్ర గుర్తుంటుంది. "కంపెనీ ఫిల్టరే మంచిగుంటది సార్" అని గల్లీ మెకానిక్ ఒక మాట అనిచూస్తాడు. "నీకు తెల్వదు భాయ్, ఇంజిన్‌కు ఊపిరాడాలె" అని జవాబు. మెకానిక్ ఇక మాట్లాడడు. ఫిట్టింగ్ డబ్బులు ఎటూ వస్తాయి.

ఊపిరి సంగతి పూర్తిగా అబద్ధం కాదు. 349 సీసీ ఇంజిన్ నిమిషానికి 4000 చుట్లు తిరిగితే అందులో 2000 సార్లు గాలి పీలుస్తుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంటే అది సుమారు 700 లీటర్లు. అడ్డు తగ్గితే ఇంకాస్త గాలి, దానితో ఇంకాస్త పెట్రోలు, దానితో ఇంకాస్త శక్తి. చిక్కంతా 'థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంటే' అన్న దగ్గరే ఉంది. ఆఫీసు వేళ పర్వత్‌నగర్ దారిలో పూర్తి థ్రాటిల్ ఇచ్చే అవకాశం అంబులెన్సుకు కూడా దొరకదు. థ్రాటిల్ సగం మూసి ఉన్నప్పుడు గాలికి అసలు అడ్డు ఆ థ్రాటిలే. కొళాయి సగమే తిప్పి, ట్యాంకు నుంచి వచ్చే పైపును పెద్దది వేయించడంలాంటి పని ఇది. పైగా 2020 ఏప్రిల్ నుంచి వచ్చే బీఎస్-6 బండ్లలో పెట్రోలు ఎంత పోయాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ లెక్క కడుతుంది. సెన్సర్లు చెప్పినదాన్ని బట్టి, మామూలు నడకలో గాలికి తగ్గ పాళ్ళలోనే పెట్రోలు పడేలా సర్దుతుంది. యజమాని పుత్లీబౌలికి పోయొచ్చిన సంగతి దానికి పట్టదు.

మరి పికప్ ఎక్కడ పెరిగింది? చెవిలో. ఈ జాతి రెండో దశలో ఫిల్టర్ డబ్బానే పీకేసి, దాని చోట గరాటు ఆకారపు ఓపెన్ ఫిల్టర్ పెడుతుంది. ఆ డబ్బా దుమ్ము ఆపే పెట్టె మాత్రమే కాదు, ఇంజిన్ గాలి పీల్చే చప్పుడును అణిచేది కూడా. అది పోగానే బండి గుర్రుమంటుంది. మనిషికి గుర్రుమన్నది వేగంగా పోతున్నట్టే ఉంటుంది. నిజానికి ఇంజిన్ పక్క వేడిగాలి నేరుగా లోపలికి పోతుంది. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది. కట్టడాల దుమ్ము లేచే దారిలో సన్నటి ధూళి లోపలికి దూరితే పిస్టన్ రింగులు అరుగుతాయి. అది మాత్రం చెవికి వినబడదు.

ఇతనితో కాలక్షేపం కష్టం, తప్పించుకోవడం ఇంకా కష్టం. ఎవరి మాటైనా మధ్యలో ఆపించి "విను, విను" అని రేస్ ఇస్తాడు. క్యాంటీన్‌లో ఇరానీ చాయ్ చల్లారిపోతుంది, గాలి ప్రవాహం మీద ప్రసంగం చల్లారదు. "బండికేమైందండీ, దగ్గుతున్నది?" అని ఇల్లాలు అడిగితే మెచ్చుకోలు కింద జమ కట్టుకుంటాడు. రుజువు కోసం తెల్లవారుజామున బామ్మర్దిని లేపి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టించి ఖాళీ రోడ్డు మీద పరుగు తీస్తాడు. పాత ఫిల్టర్‌తో పరీక్ష జరిగిన రోజు బామ్మర్ది వెనక సీట్లో ఉన్నాడు. కొత్త ఫిల్టర్ రోజు రోడ్డు పక్కన నిలబడ్డాడు. తేడా బాగానే వచ్చింది. "బావా, మైలేజీ తగ్గినట్టుంది" అని అతను గొణిగితే, తప్పు పెట్రోలు బంకుది.

అయినా ఇలాంటివాడు గల్లీకి ఒకడుండాలి. అర్ధరాత్రి ఎవరి బండి ఆగినా స్పానర్ల సంచితో దిగేది ఇతనే. ప్లగ్ విప్పి తుడిచి, బండి స్టార్టయ్యేదాకా కదలడు. ఆ తర్వాత ఫిల్టర్ మార్చమని సలహా ఇస్తాడు, అది వేరే సంగతి.

ఒక్కోసారి ఆ సలహాతో నిజంగానే మేలు జరుగుతుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ 2009లో కార్ల మీద పరీక్షించి చూసింది. మూసుకుపోయిన ఫిల్టర్ తీసి కొత్తది వేస్తే, ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో మైలేజీ చెప్పుకోదగ్గంత మారలేదు గానీ వేగం అందుకునే సమయం మెరుగుపడింది. అక్కడ వేసింది ఖరీదైన ఎర్ర గుడ్డ కాదు, శుభ్రమైన మామూలు ఫిల్టర్. పందెపు బండ్లకు కొత్త ఫిల్టర్‌తోపాటు సైలెన్సర్ మార్చి, ఈసీయూ మళ్ళీ ట్యూన్ చేయిస్తే గరిష్ఠ వేగాల దగ్గర లాభం కనబడుతుంది. రోజూ ఆఫీసుకు పోయే బండికి మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లకు కంపెనీ ఫిల్టర్ మార్చడమే చాలు.

ఈ సంగతి ఇతనికి తెలియదనుకోవడం పొరపాటు. కంపెనీ ఫిల్టర్‌నూ దాని డబ్బానూ కవర్లో చుట్టి, అటక మీద పిల్లలకు అందకుండా దాచి ఉంచుతాడు. బండి అమ్మకానికి పెట్టిన రోజు ముందుగా వాటినే బిగిస్తాడు.