దుప్పటి ఎత్తి చూడరేం?

అలిపిరి తనిఖీ కేంద్రంలో మన సామాన్లన్నీ యంత్రంలో పెట్టి చూస్తారు. బీడీ కట్ట దొరికితే లాక్కుంటారు, మందు సీసా దొరికితే లాక్కుంటారు, కోడికూర డబ్బా దొరికితే దాంతోపాటు మనకూ నాలుగు అక్షింతలు పడతాయి. కొండ పవిత్రత నిలవాలంటే ఆ మాత్రం పట్టు ఉండాల్సిందే. కానీ ఈ సోదా అంతా ఎక్కేవాళ్లకే. ఎక్కేటప్పుడు కారులో ఐదుగురు ఉండి, దిగేటప్పుడు నలుగురే ఉంటే, ఆ ఐదో మనిషి ఏమైందని అడిగే యంత్రం ఇంకా రాలేదు. "ఈడే కూర్చో మా, టోకెన్ తీసుకోనొస్తా" అని పోయిన కొడుకు కోసం గరుడ విగ్రహం దగ్గరో, బస్టాండులోనో, సత్రం వరండాలోనో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలామె తిరుపతి వాళ్లకు కొత్త కాదు. అమ్మను ఏడుకొండలవాడికే అప్పజెప్పి వచ్చామని ఆ పుణ్యాత్ముడు ఊళ్లో చెప్పుకుంటాడు కాబోలు.

వాళ్ల సంగతి చూడటానికి చట్టం ఉంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007. అందులో 24వ సెక్షన్ ప్రకారం పెద్దవాళ్లను వదిలేసి పోతే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. శ్రీవాణి ట్రస్టుకు విరాళమిచ్చి చేసుకునే బ్రేక్ దర్శనానికి 10,500 అవుతుంది. స్వామిని చూడటానికయ్యే ఖర్చులో సగం కూడా పెట్టక్కర్లేదు, అమ్మను వదిలేయడానికి.

నా పేచీ వాళ్లతో కాదు. నెలనెలా డబ్బు కట్టి, రశీదు తీసుకుని, "అన్నీ చూసుకునే చేర్పించాం" అని పెళ్లిళ్లలో చెప్పుకునే మర్యాదస్తులతో. ఇంట్లో చూసుకోలేక వృద్ధాశ్రమంలో చేర్పించడం తప్పని నేననను. ఇద్దరూ ఉద్యోగానికి పోయే ఇంట్లో మంచం పట్టిన మనిషిని పగలంతా ఒంటరిగా తాళం వేసి పోవడం కంటే అది నయం. నేనడిగేది ఒకటే. అన్నీ చూశామంటున్నారే, ఏం చూశారు సామీ?

చూసే తీరు ఇట్లా ఉంటుంది. ఆదివారం పూట ఇన్నోవా వచ్చి ఆగుతుంది. పెద్దకొడుకు, కోడలు, కూతురు, అల్లుడు దిగుతారు. చిన్నవాడు న్యూజెర్సీ నుంచి వీడియో కాల్‌లో దిగుతాడు. గేటు పక్క తులసికోట చూసి కూతురు దండం పెట్టుకుంటుంది. హాల్లో నిలువెత్తు శ్రీనివాసుడి పటం, దానికి ఆ పొద్దు మార్చిన పూలదండ. అక్కడే సగం మార్కులు పడిపోతాయి. "సీసీ కెమెరాలున్నాయా?" ఉన్నాయి. "ఆర్వో నీళ్లేనా?" ఆర్వోనే. "అత్తయ్యకు వెస్టర్న్ టాయిలెట్ ఉండాల." ఉంది మేడం. "స్విమ్స్ ఆసుపత్రి ఎంత దూరం?" పది నిమిషాలు. "వంటలో ఉల్లి, వెల్లుల్లి వేస్తారా?" ఇక్కడ చర్చ పావుగంట సాగుతుంది. చివరికి మేనేజరు చేతులు జోడించి "మీరేం దిగులు పడొద్దండి, మా సొంత అమ్మ మాదిరి చూసుకుంటాం" అంటాడు. ఆయన సొంత అమ్మ ఎక్కడుందని ఎవరూ అడగరు.

అడగని ప్రశ్న ఇంకొకటుంది. రాత్రి పూట ఇంతమందికి ఎంతమంది ఆయాలు?

ఆ ప్రశ్నకు జవాబు హాల్లో ఉండదు, లోపలి గదిలో చివరి మంచం మీద ఉంటుంది. అక్కడ పడుకున్న అవ్వకు మెడ దాకా ఉతికిన దుప్పటి. ముఖం కడిగి బొట్టు పెట్టి ఉంటారు. స్టూలు మీద స్టీలు గ్లాసు, దాని నిండా నీళ్లు. ఆ స్టూలు అవ్వ చేతికి జానెడు దూరంలో ఉంటుంది. జానెడంటే మనకు జానెడే, ఆమెకు మోకాళ్ల పర్వతం. సాయంత్రం ఐదు తర్వాత నీళ్లెందుకు ఇవ్వరని నేనొక ఆయాను అడిగాను. "తాగితే పోస్తాది గదా సార్. రాత్రికి నేనొక్కదాన్నే. ఎంతమందికని మార్చేది?" అంది. అబద్ధం చెప్పలేదు, సిగ్గూ పడలేదు. ఆమెకిచ్చే జీతానికి ఆ నిజమే ఎక్కువ. ఆ ఊరి ఆశ్రమమని, ఈ పేరుగల ఆశ్రమమని చెప్పి లాభం లేదు. ఆ లెక్క చాలాచోట్ల నడిచేదే.

కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని నర్సింగు చదువులో మొదట్లోనే నేర్పుతారు. తిప్పకపోతే నడుం కింద ఎముక దగ్గర, తుంటి దగ్గర, మడమల మీద చర్మం ఎర్రబడి, నల్లబడి, పుండై లోపలికి తొలుచుకుపోతుంది. సీసీ కెమెరా ఉంది, నిజమే. అది దుప్పటి కింద చూడదు.

దుప్పటి కింద చూడని రెండో కెమెరా చిన్నబ్బాయి ఫోను. వారానికోసారి వీడియో కాల్. "బాగున్నావా మా?" "బాగున్నా నాయనా." "బాగా చూసుకుంటున్నారా?" "శానా బాగా చూసుకుంటాండారు." చిన్నబ్బాయికి కళ్లు చెమరుస్తాయి, నెల డబ్బు ఆ రాత్రే పంపేస్తాడు. ఆ ఫోను అమ్మ ముఖం ముందు ఎవరు పట్టుకున్నారో ఆలోచించడు. రాత్రికి తనను మార్చాల్సిన చెయ్యే ఫోను పట్టుకుని ఉంటే, ఏ తల్లి మాత్రం బాగాలేదని చెబుతుంది?

ఆ అబ్బాయి ఉండే దేశంలో ఈ మార్కులు వేసే పని సర్కారే చేస్తుంది. మెడికేర్ వాళ్లు 2008 డిసెంబరు నుంచి నర్సింగ్ హోములకు ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు ఇస్తున్నారు. అందులో సిబ్బంది ఎంతమందన్నది మొదట్లో హోములవాళ్లు తామే చెప్పుకునేవాళ్లు. తనిఖీ దగ్గరపడితే మనుషులు పెరిగేవాళ్లు, తనిఖీదారు గేటు దాటితే తరిగేవాళ్లు. చివరికి 2016 నుంచి జీతాల పట్టీలు పంపమన్నారు. ఎవరికి జీతం పడిందో వాళ్లే పనిచేసినట్టు లెక్క. అంత పెద్ద సర్కారుకు అది తెలియడానికి ఏళ్లు పట్టింది. మనవాళ్లు ఒక్క ఆదివారంలో తేల్చేస్తారు. పైగా గూగుల్‌లో ఐదు నక్షత్రాలు కొడతారు: "ప్రశాంత వాతావరణం, కొండ కనిపిస్తుంది, పార్కింగ్ ఉంది." కొండ కనిపించేది పార్కింగ్ నుంచి. చివరి మంచానికి కనిపించేది పైకప్పు ఫ్యాను.

ఇక దాతలు. వీళ్లూ నాణ్యత పరిశీలకులే, అయితే వీళ్లు పరిశీలించేది ఫోటో నాణ్యత. పొద్దున పెళ్లిరోజువాళ్లు మైసూర్‌పాకుతో వస్తారు, మధ్యాహ్నం వర్ధంతివాళ్లు చక్కెర పొంగలితో, సాయంత్రం ఎమ్మెల్యే పుట్టినరోజువాళ్లు కేకుతో. ఒక అరటిపండును ఆరుగురు పట్టుకుంటారు, ఏడో చెయ్యి తాతది. తాతకు చక్కెర జబ్బు ముప్పై ఏళ్లుగా ఉంది. వద్దంటే ఫోటో చెడుతుందని తినేస్తాడు. ఫ్లెక్సీ మీద దాత ఇంటిపేరు నుంచి చిరునామా దాకా ఉంటుంది, తాత పేరు మాత్రం ఉండదు. చీరలు, దుప్పట్లు, పళ్లేలు కుప్పలు పడి ఉంటాయి. ఆరు నెలలపాటు రాత్రి ఆయాకు జీతమిస్తానన్న దాతను మాత్రం నేనింతవరకు చూడలేదు. ఆమె ఫోటోలో బాగుండదు మరి.

సర్కారు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను, రెండుకు మించి లేదు కాబట్టి. పైన చెప్పిన చట్టమే జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మంది నిరుపేదలకు చోటుండేలా, దశలవారీగా పెట్టవచ్చని 19వ సెక్షన్లో రాసింది. పెట్టకపోతే ఏం చేయాలో రాయలేదు. జిల్లాకు ఎన్ని ఆశ్రమాలున్నాయో లెక్క చెప్పమని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో అడిగింది. ఆశ్రమాలకు నమోదు, కనీస ప్రమాణాలు తప్పనిసరి చేసే సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభకు వచ్చింది, చట్టం కాకుండానే ఆ సభ కాలం తీరిపోయింది. జిల్లాకో ఆశ్రమం సంగతేమో గానీ, మన తిరుపతి జిల్లా మాత్రం 2022 ఏప్రిల్ 4న పుట్టనే పుట్టింది.

నాణ్యత అంటే మనకు పట్టదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. 2024లో లడ్డూ నెయ్యి మీద అనుమానం వస్తే నమూనాలు గుజరాత్‌లోని ఆనంద్ ల్యాబుకు వెళ్లాయి. దేశమంతా ఊగిపోయింది. అక్టోబరు 4న సుప్రీంకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్నే వేసింది. మంచిదే, స్వామివారి ప్రసాదం ఊరికే వదిలేయగలమా? అదే కొండ కింద, ఆ స్వామి పటం పెట్టుకున్న ఆశ్రమంలో అవ్వకు పోసే చారులో పప్పు ఉందో లేదో ఏ ల్యాబూ చూడదు. చారు కోసం టీవీ చర్చ పెట్టేవాడెవడు?

కాబట్టి సార్, మేడం, ఈసారి చెప్పకుండా వెళ్లండి. ఆదివారం కాదు, మంగళవారం రాత్రి తొమ్మిదికి, లేదా తెల్లవారుజామున. గేటు తీయమంటే తీయరా? అయితే మీ మూల్యాంకనం అక్కడే అయిపోయింది, అమ్మను తీసుకుని వచ్చేయండి. తీస్తే పటానికి తర్వాత దండం పెట్టుకోవచ్చు, ముందు చివరి మంచం దగ్గరికి పోండి. దుప్పటి ఎత్తండి. మడమలు చూడండి, నడుం చూడండి. మణికట్టు మీద చీరపేలికతో కట్టిన గుర్తులున్నాయేమో చూడండి. నిద్రమాత్ర ఇస్తుంటే ఏ డాక్టరు రాశాడో చీటీ అడగండి. నెలనెలా బరువు రాసే పుస్తకం అడగండి. యాభై కిలోల మనిషి ఒక్క నెలలో రెండున్నర కిలోలు తగ్గితే అది ముసలితనం కాదు, ఎవరో తిండి పెట్టలేదనైనా అర్థం, జబ్బును ఎవరూ పట్టించుకోలేదనైనా అర్థం. ఫినాయిల్ వాసన ముక్కు బద్దలు కొడుతుంటే శుభ్రతని మురిసిపోకండి, దేన్ని కప్పడానికి పోశారో కనుక్కోండి. ఆయాను పక్కకు పిలిచి ఆమె జీతమెంతో, ఎన్నాళ్లుగా అక్కడుందో అడగండి. ఆమెకు మీ అమ్మ పేరు తెలుసో లేదో కూడా. ఆ గ్లాసును జానెడు ఇవతలికి జరపండి.

ఏదన్నా తప్పు కనిపిస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ ఉంది, ఎల్డర్‌లైన్, 14567. కాల్ ఉచితం. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఎత్తుతారు.