బామ్మర్దిని తొలగించమంటారా?

మొన్న రాత్రి భోంచేసి సినిమా పెట్టుకుందామని కూర్చుంటే టీవీ తెర మీద తాఖీదు ప్రత్యక్షమైంది. మీ ఖాతాకు పరికరాలు ఎక్కువైనాయి, ఒకదాన్ని తొలగించండి అని. కంపెనీ పేరు చెప్పను. రేపు మళ్ళీ దాంట్లోనే సినిమా చూడాలి.

జాబితా తెరిస్తే రేషన్‌కార్డు మాదిరి ఉంది. మా ఇంటి టీవీ. నా సెల్లు. బెంగుళూరులో కొడుకు ల్యాప్‌టాప్: ఆఫీసు పనికే కొన్నానన్నాడు, చివరిగా సినిమా చూసింది తెల్లవారుజామున 3:40కి. హైదరాబాద్‌లో అల్లుడి టీవీ. దాన్ని తీసేస్తే సంక్రాంతికి వాళ్ళను ఏ మొహం పెట్టుకుని పిలవాలి? వియ్యంకుడు కూడా దాంట్లోనే చూస్తాడని భోగట్టా. ఐదోది కువైట్‌లో బామ్మర్దిది. అక్కడ వేలు ఆగింది.

"మా తమ్ముని జోలికి పోయినారంటే చూడండి!" వంటింట్లోంచి హెచ్చరిక. టీవీ రిమోటు చప్పుడు కాకుండానే విషయం ఆమెకు ఎట్లా తెలుస్తుందో!

రాజంపేటలో కువైట్‌తో చుట్టరికం లేని వీధి వెతుక్కోవాలి. మాకూ ఉంది. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర అంటే ఇక్కడ పన్నెండు. వాడు డ్యూటీ దిగి, గదిలో టీవీ ముందు కూర్చుంటాడు. నా ఫోన్ మోగుతుంది. "బావా, నిద్ర పోతాండావా? ఓటీపీ వచ్చింటాది, చెప్పు." చీకట్లో కళ్ళద్దాలు తడుముకుని ఆరంకెలు చదివి పడుకుంటాను.

ఈ కంపెనీల లెక్కలో ఇల్లంటే వేరే. పాస్‌వర్డ్ పంచుకోవడమే ప్రేమ అన్నట్టు 2017లో ట్వీటేసిన నెట్‌ఫ్లిక్స్, 2023 జులై 20న మన దేశంలో ఆ ప్రేమకు గోడ కట్టింది: ఒక ఖాతా ఒక ఇంటికే. అమెజాన్ ప్రైమ్ వీడియో 2025 జనవరి నుంచి ఐదు పరికరాలే అంది, అందులో టీవీలు రెండే. పాండవులు ఐదూళ్ళు అడిగితే ఇవ్వని దుర్యోధనుడి కంటే నయమే అనుకోండి. ఇంతకీ ఇల్లంటే ఏమిటంటే ఒకే చోట, ఒకే ఇంటర్నెట్టు కింద ఉండేవాళ్ళట. ఆ లెక్కన మా వైఫై పట్టుకుని క్రికెట్ చూసే పక్క మేడ మీది కుర్రాళ్ళు నా కుటుంబం. ఈ ఇంటికి స్లాబూ టైల్సూ వేయించిన కువైట్ బామ్మర్ది పరాయివాడు.

జాబితాలోంచి తీసేయించుకోవడం మా ఊరికీ కొత్త కాదు. 2022 ఏప్రిల్ 4న కడప జిల్లాలోంచి సైనౌట్ చేసి అన్నమయ్య జిల్లాకు లింకు చేసినారు. అన్నమయ్య పుట్టిన తాళ్ళపాక మా మండలంలోదే. 108 అడుగుల విగ్రహమూ మా దగ్గరే. జిల్లా కేంద్రం మాత్రం రాయచోటిని చేసినారు. అప్పుడు రోడ్డెక్కి అరిచినాం. ఓటీపీ మా ఫోనుకు రాలేదు.

సరే, ఆరో పరికరం మిగిలింది. అదేదో ఫోను. ఊరు చెన్నై. చివరిగా వాడింది 'ఇప్పుడే'. చెన్నైలో మాకెవరూ లేరు. దొంగ దొరికినాడు! ఏ సెల్‌ షాపులో ఎవడికి పాస్‌వర్డ్ చెప్పినానో అని నన్ను నేను తిట్టుకుని, "తొలగించాలా?" అంటే ధైర్యంగా అవునని నొక్కినాను.

వంటింట్లో సినిమా మాటలు టక్కున ఆగినాయి.

ఆ తర్వాత అల్లుడు చెప్పినాడు, ఆ ఊరి పేర్లు ఉత్త అంచనాలంట. సెల్‌ నెట్టు ఏ ఊరి గుండా పోతే ఆ ఊరు పడుతుందంట. అది తెలిసేలోపు ఆమె గరిటె పట్టుకుని గడప మీదకు వచ్చేసింది.

"కువైట్‌లో ఉండేవాన్ని ఉంచి, ఇంట్లో ఉండేదాన్ని తీసేసినారా?"