కొల్లేటి పునరుద్ధరణము
కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరదనెల్ల కడుపున దాచుకొని, ఉప్పుటేటి మీదుగా మెల్లమెల్లగా సముద్రమునకు విడిచిపెట్టు కొల్లేటికి 1999లో అభయారణ్యమను బిరుదమును, 2002లో రామ్‌సర్ చిత్తడినేలయను ఖ్యాతియు లభించినవి. ఇక లభింపవలసినది నీరొక్కటే. 2006లో సరస్సును ఆక్రమించిన చేపలచెరువుల గట్లను పగులగొట్టించిన సర్కారువారి వీరకృత్యమును మనమెల్లరము కొనియాడితిమి గాని, పిదప ఆ గట్లు మరల మొలిచిన వైనమును గమనించినవి గూడబాతులు మాత్రమే. చెట్లు కరవైన కొల్లేటి ఆటపాకలో ఆ పక్షులు ఇనుప స్టాండ్లపై గూళ్లు కట్టుకొని సంసారము సాగించుచున్నవి. పక్కాగృహ పథకము వానికిని వర్తించెనన్నమాట! ఇంతలో అభయారణ్యపు హద్దును ఐదవ కాంటూరు (ఎత్తుగీత) నుండి మూడవదానికి దింపి కుదింపుడని నాయకుల విన్నపము. అయ్యా, అటులనే దింపుడు. కాని ఆ సంగతి తెలుపుచు వరదకు గూడ ఒక నోటీసు పంపుడు.