ఓటు చీలకుండా కాపురం

పెళ్లిచూపుల్లో పక్కగదిలోకి వెళ్లి మాట్లాడుకోమని పది నిమిషాలు ఇస్తారు. ఆ పది నిమిషాలూ "మీ హాబీస్ ఏంటి", "పాటలు వింటారా" అంటూ తగలేసుకునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. జాతకాలు సిద్ధాంతిగారు చూశారు, జీతం స్లిప్పు మేనమామ చూశాడు, గోత్రాల సంగతి అమ్మమ్మ తేల్చింది. ఎవ్వరూ అడగనిది ఒక్కటే మిగిలింది: "మీ ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి ఏ ఛానెల్ పెడతారండీ?" అది అడగండి. మన దగ్గర ఛానెల్ పేరు చెప్పాక పార్టీ పేరు విడిగా చెప్పనక్కర్లేదు. ఒకవేళ అవతలివాళ్లు "మేం సీరియళ్లు చూస్తామండీ" అన్నారో, ఆ సంబంధం వదిలేయండి. తటస్థ ఓటరుతో కాపురం మహా కష్టం, రోజూ ప్రచారం చేసుకోవాలి.

ప్రేమించినవాళ్లకు ఈ సదుపాయం లేదు. ముందు నవ్వు నచ్చుతుంది, తర్వాత బిర్యానీలు, సినిమాలు. ఎవరి ఓటు ఎటో తెలిసేసరికి ఊరంతా తెలిసిపోతుంది. అయినా చట్టం వీళ్లకు ఒక వెసులుబాటు ఇచ్చింది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లాడాలంటే నోటీసిచ్చి 30 రోజులు ఆగాలి. ఆ నెలంతా ఇంట్లోవాళ్లకు ఎవరు చేరవేస్తారో అని కొందరు బిక్కుబిక్కుమంటూ గడుపుతారు. మీరు మాత్రం తీరిగ్గా కూర్చుని అవతలి మనిషి పాత ఫేస్‌బుక్ పోస్టులు తవ్వండి. అబ్బాయిది నల్గొండ, అమ్మాయిది గుంటూరు అయితే ఇంకా లోతుకు వెళ్లాలి. రాష్ట్రం విడిపోయిన 2014లో ఆ అమ్మాయి ఆరో తరగతి చదువుతూ ఉండొచ్చు. అయితే మాత్రం? జూన్ 2న తను ఏమనుకుందో ఇప్పుడైనా చెప్పాలి కదా. హైదరాబాద్‌ను ఉమ్మడి రాజధానిగా ఉంచడానికే పదేళ్లు గడువు పెట్టారు, 2024లో అదీ తీరిపోయింది. ఉమ్మడి వంటింటికి ఏ గడువూ రాయించుకోకుండా పెళ్లికి దిగడం ఎంత అమాయకత్వం!

పెళ్లయ్యాక వచ్చే మొదటి ఎన్నిక అసలైన శోభనం. ఓటు రహస్యమని రాజ్యమంటుంది. రాజ్యానికేం, అది ఎవరి పక్కనా పడుకోదు. మీట నొక్కాక వీవీప్యాట్ గాజు వెనక చీటీ ఏడు సెకన్లు కనిపించి డబ్బాలో పడిపోతుంది. ఆ ఏడు సెకన్లు మీరు చూడలేకపోయారు కాబట్టి మిగిలిన ఐదేళ్లూ అడుగుతూ ఉండండి. ఎడమచేతి చూపుడువేలి మీద సిరా చుక్క చూసి లాభం లేదు, అన్ని పార్టీలకూ అదే సిరా. ముఖం చూడాలి. బూత్ బయటికి రాగానే "ఎండగా ఉంది, చెరకు రసం తాగుదాం" అన్నారంటే మాట దాటేస్తున్నట్టే.

ఈ విషయంలో మా పెదనాన్నది మరో పద్ధతి, అదీ మంచిదే. 1983 నుంచి ప్రతి ఎన్నికకూ తెల్లారకముందే పెద్దమ్మను లేపి, కాఫీ గ్లాసు చేతికిచ్చి, ఏ గుర్తుకు వేయాలో చెబుతాడు. మిగతా రోజుల్లో కాఫీ ఎవరు పెడతారో మీకు తెలుసు. తిరిగొచ్చాక అడిగితే పెద్దమ్మ సిరా వేలు కొంగులో దాచుకుని "మీరు చెప్పినదానికేనండీ" అంటుంది. ఆ ఇంట్లో రెండు ఓట్లూ తనవేనని ఆయన నలభై ఏళ్లుగా లెక్క వేసుకుంటున్నాడు. ఓసారి ఆవిణ్ణి వంటింట్లో నిలేసి అడిగాను. "నీకు పచ్చిపులుసు పోయనా, మజ్జిగ పోయనా?" అంది. మీరూ పెదనాన్నలాగే నమ్మండి. నమ్మినవాడికి రీకౌంటింగ్ ఉండదు.

ఇక ఫలితాల రోజు. చుట్టరికాలు నిలిచేదీ పోయేదీ ఆ సాయంత్రమే కాబట్టి దీనికి కొంచెం ఖర్చు పెట్టుకోవాలి. ఓడిన పార్టీ చుట్టానికి ఫోన్ చేసి పలకరించడం పాత పద్ధతి. స్వీట్లు పంపండి, అదీ లెక్కపెట్టి. 2019లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175 స్థానాలకు 151 ఒక పార్టీకి, 23 ఇంకో పార్టీకి వచ్చాయి. మా చుట్టాల్లో గెలిచిన పక్షం బావగారొకాయన తాపేశ్వరం కాజాలు సరిగ్గా 23 తూచి... తూచి కాదు, అదే చిక్కు. కొట్టువాడు "కేజీల్లో చెప్పండి సార్, లెక్కన అమ్మం" అన్నాడట. ఈయన వినలేదు. పట్టకారుతో ఒక్కొక్కటే తీయించి, పాకం కారుతున్న అట్టపెట్టె మీద పెన్నుతో అంకె రాయించి బావమరిది ఇంటికి పంపాడు. అదే ఊపులో జనసేన అభిమాని అయిన తమ్ముడికి ఒక్కటంటే ఒక్క కాజా కాగితంలో చుట్టి ఇచ్చాడు. కాంగ్రెస్‌ను వదలని బాబాయికి ఖాళీ పెట్టె.

ఐదేళ్లు ఓపిక పట్టారు. 2024 జూన్ 4న లెక్క తిరగబడింది. బావగారి పార్టీకి 11. ఆ రాత్రే ఆయన గుమ్మంలోకి 11 కాజాల పెట్టె వచ్చింది, మీద అదే రకం పెన్నుతో అంకె. తమ్ముడు 21 కాజాలు తెచ్చుకుని ఆయన ఎదురుగానే కూర్చుని తిన్నాడు, షుగరున్నా సరే. బాబాయి మాత్రం పాత ఖాళీ పెట్టెనే భద్రంగా దాచుకున్నాడు, మళ్లీ పనికొచ్చింది. తెలంగాణ వైపు చుట్టాలున్నవాళ్లు 88, 39 అనే రెండంకెలు గుర్తుపెట్టుకుంటే చాలు: 2018లో గులాబీ పార్టీకి వచ్చినవి, 2023లో మిగిలినవి. ఆ కాజాల ఐదేళ్ల మధ్యలో బావమరిది కూతురి ఓణీల ఫంక్షన్ జరిగింది. బావగారు వెళ్లలేదు. వెళ్లకండి మీరు కూడా. పిల్లకు ఓణీ మళ్లీ కొనొచ్చు, ఐదేళ్ల మెజారిటీ మళ్లీ వస్తుందో రాదో.

మామగారితో వ్యవహారం వాట్సాప్‌లో. పొద్దున్నే గులాబీ పువ్వు, దాని కింద ఏదో పార్టీ మీద అబద్ధం ఒకటి పంపుతారు. పళ్లు తోముకోకముందే దాని కింద నిజమేమిటో ఆధారాలతో సహా పెట్టండి. కుటుంబం గ్రూపులోనే పెట్టాలి, విడిగా చెబితే ఆయన పరువు మిగిలిపోతుంది. ఇంకో మెలకువ: రిటైరైన మామగారు మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేశారంటే మోకాలి నొప్పి గురించి చెప్పడానికే. అత్తగారు పోయాక ఆ వేళకు ఫోన్లు ఎక్కువవుతాయి. నొప్పి దాకా రానివ్వకండి. "పోలవరం 45.72 మీటర్లా, 41.15 మీటర్లా, మీరేమంటారు మామయ్యగారూ?" అని అడ్డుకోండి. అంకె వినగానే ఆయన మోకాలు మరిచిపోతారు. గంట మాట్లాడతారు. చివర్లో "ఉంటాను బాబూ" అన్నప్పుడు గొంతు మారినట్టనిపిస్తే, అది పునరావాసం నిధుల గురించిన ఆవేదన అనుకోండి.

విదేశాంగ విధానం కూడా ఇంటికి పనికొస్తుంది. కొడుకు డాలస్ నుంచి వీడియో కాల్ చేసి రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా చూస్తూ ఉంటే కంగారు పడకండి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుమన్నారు కదా, దాని మీద మీ విశ్లేషణ మొదలుపెట్టండి. వాడు "అమ్మేది?" అంటే "డిబేట్ అయ్యాక ఇస్తా" అనండి.

ఇంతచేసినా ఏదో ఒక రాత్రి అవతలి మనిషి టీవీ కట్టేసి "అన్నం పెట్టేదా?" అంటారు. చాలామంది ఇక్కడే కరిగిపోయి పీట మీద కూర్చుంటారు. ఇది పొత్తు ప్రతిపాదన. వెంటనే ఒప్పుకుంటే మీ పార్టీ పలచనైపోతుంది. ముందు సీట్ల సర్దుబాటు తేలాలి. 2024లో కూటమివాళ్లు 175 స్థానాలను 144, 21, 10గా పంచుకున్నాకే కదా ప్రచారానికి దిగారు. ఇంట్లో పనులన్నీ కాగితం మీద రాయండి: వంట, గిన్నెలు, బట్టలు, పిల్లల హోంవర్కు, పాలవాడి లెక్క, గ్యాస్ బుకింగ్, మామగారి మందులు, చెత్తబుట్ట. పెద్ద పార్టీకి పెద్ద వాటా ధర్మం కాబట్టి ఏడు అటు వదిలేయండి. మీరు చెత్తబుట్ట ఒక్కటీ తీసుకోండి. పొద్దున్నే మున్సిపాలిటీ బండి పాట వినిపించగానే తీసుకెళ్లి బయట పెట్టి, లోపలికొచ్చి, పోటీ చేసిన అన్నిచోట్లా గెలిచామని, స్ట్రైక్ రేటు నూటికి నూరని ప్రకటించండి. గిన్నెల చప్పుడులో వినపడకపోతే ఇంకోసారి గట్టిగా చెప్పండి.