అన్నీ చేసిన బడి

ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు ఎంత పని చేస్తుందో ఊళ్లో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు నోరు విప్పి చెప్పాలి. అందుకే ఈ పొగడ్త. ఇందులో ప్రతి మాటా మనసులోంచి వచ్చిందే. హెడ్మాస్టరు గారూ, సార్లూ, మేడమ్‌లూ, మీరు చదివాక దీన్ని దయచేసి పై ఆఫీసుకు కూడా పంపండి. మీకన్నా వాళ్లు చదవడం ముఖ్యం.

ముందుగా మీరు జరిపిన దినోత్సవాల మాట. జెండా పండగకు ముందే ఇంటింటా జెండా ర్యాలీ తీశారు. నులిపురుగుల మాత్రను ప్రతి పిల్లచేతా మీ కళ్లముందే నమిలించారు. ఆగస్టు 29 గిడుగు జయంతి, తెలుగు భాషా దినోత్సవం. అదే రోజు ధ్యాన్‌చంద్ జయంతి, జాతీయ క్రీడా దినోత్సవం. పొద్దున గిడుగు పటానికి దండ వేసి వ్యాసరచన పోటీ పెట్టారు, మధ్యాహ్నం పిల్లల్ని మైదానంలో పరుగెత్తించారు. రెండింటికీ వేరువేరు బ్యానర్లు, వేరువేరు ఫొటోలు, వేరువేరు రిపోర్టులు. ఆ తర్వాత గురుపూజోత్సవం, హిందీ దినోత్సవం, గాంధీ జయంతి దాకా స్వచ్ఛత కార్యక్రమాలు, అక్టోబరు 31న ఏకతా దినోత్సవం. నవంబరులో 11న విద్యా దినోత్సవం, 14న బాలల దినోత్సవం, 26న రాజ్యాంగ దినోత్సవం. డిసెంబరు 22న రామానుజన్ పేరిట గణిత దినోత్సవం. ఒక్కటీ తప్పలేదు. సెలవు రోజున వచ్చినదాన్ని కూడా వదలకుండా ముందు రోజే జరిపారు.

ఈ దినోత్సవాల పోటీలన్నిటిలో దాదాపు ఎప్పుడూ అదే ముగ్గురు నలుగురు పిల్లలు రాస్తారు. చేతిరాత బాగుంటుంది, చెప్పింది వెంటనే పట్టుకుంటారు, సాయంత్రంలోగా ఫొటో పంపాలంటే వాళ్లే దిక్కు. మిగిలినవాళ్లు కుర్చీలు మోస్తారు, చప్పట్లు కొడతారు. ఎంత ఓపికైన పిల్లలో చెప్పలేను. ఏ రోజూ మేమెందుకు రాయకూడదని అడగలేదు.

మీరు దండ వేసిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో బడిపంతులు. పాఠాలు చెప్పుకుంటూనే సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లల కోసం పుస్తకాలు రాశారు, బళ్లు పెట్టించారు. పని ముగిశాక ఆ పంతులుగారికి తనదంటూ కాస్త సమయం మిగిలింది. మన తెలుగు మేడమ్‌కూ ఆ శక్తి ఉంది. ఊళ్లో ముసలమ్మల నోట ఉన్న పాటలన్నీ పిల్లలచేత రాయించి పుస్తకంగా కట్టాలని ఆమె కోరిక. ఆమె సాయంత్రాలు మాత్రం తరగతివారీగా, కులంవారీగా, ఆడ మగవారీగా ఫారాల గడులు నింపడానికే సరిపోతున్నాయి. గిడుగు జయంతి రిపోర్టు కూడా ఆమే పంపింది, అడిగిన గంటకన్నా ముందే. ఇంత నమ్మకంగా పనిచేసే మనిషిని ఏ ఆఫీసూ వదులుకోదు. వదులుకోలేదు కూడా.

గడుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అసలు ప్రతిభ ఇక్కడే ఉంది, ఎవరికీ కనపడదు. బడికి యూడైస్ కోడు 11 అంకెలు, పిల్లవాడికి అపార్ నంబరు 12 అంకెలు, ఆధార్‌కు మరో 12. ఈ అంకెలన్నీ ఒకే పిల్లవాడివని కంప్యూటర్ ఒప్పుకోవాలి. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, బడి రిజిస్టర్లో వెనకుంటుంది. తండ్రి పేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు. పుట్టిన తేదీ తెలియక ఎవరో జనవరి 1 అని వేసేస్తారు. దాన్ని సరిచేయించడానికి తల్లి కూలి మానుకుని ఊరి సచివాలయానికి వెళ్లాలి, పిల్లవాడు బడి మానాలి, లెక్కల సారు ఫోన్లో ఇద్దరికీ దారి చెప్పాలి. ఆయన చెప్పారు. విసుక్కోకుండా, ఒకసారి కాదు, తరగతి మొత్తానికి చెప్పారు. అది చేయకపోతే తల్లికి వందనం పథకం డబ్బు ఆగిపోతుందని, స్కాలర్‌షిప్పు రాదని ఆయనకు తెలుసు. పేద పిల్లల పట్ల ఇంతకన్నా బాధ్యత ఏముంటుంది? గుమస్తా లేని బడిలో గుమస్తా పని ఎవరో ఒకరు చేయాల్సిందే, చేసిన చేతులకు దణ్ణం పెట్టాల్సిందే. ఆ పీరియడ్లలో తొమ్మిదో తరగతివాళ్లు బహుపదుల అధ్యాయం మొదటి అభ్యాసం దగ్గరే ఆగిపోయి నిశ్శబ్దంగా కూర్చున్నారు. గుమస్తాను వేయనివాళ్లు ఆ నిశ్శబ్దాన్ని కూడా తమ ఖాతాలో రాసుకోవాలి.

సొంత ఫోన్లో, సొంత డేటాతో ఈ పని చేస్తున్నారన్నది ఇంకో గొప్ప. 2022 ఆగస్టులో ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ వచ్చింది. సిగ్నల్ లేని ఊళ్లలో గేటు బయట చెట్టుకింద నిలబడి, ఫోను పైకెత్తి, ముఖం పడేదాకా ఓపిక పట్టారు. మరుగుదొడ్ల ఫొటోలు తీసి పంపమన్నప్పుడు అవీ పంపారు. డిగ్రీ, బీఈడీ చదివి, డీఎస్సీ రాసి గెలిచి వచ్చిన మనుషులు. తలొంచుకుని తీశారు, ఎందుకంటే ఫొటో లేకపోతే బడి పేరు ఎర్ర రంగులో వస్తుంది. ఆ పని తర్వాత తప్పించారు, మంచిదే. తీసినంతకాలం ఉపాధ్యాయుడి మనసు ఎంత చిన్నబోయిందో నమోదు చేసే గడి మాత్రం ఏ యాప్‌లోనూ లేదు.

‘సార్, మీ స్కూలు ఇంకా పెండింగ్‌లో ఉంది’ అన్న మెసేజ్ వచ్చినప్పుడు మీరు చాక్‌పీసు బల్లమీద పెట్టి బయటికి వెళ్లే తీరు నాకు తెలుసు. సగం వాక్యంలో ఆగిపోతారు. తిరిగొచ్చి ఎక్కడ ఆపారో పిల్లల్ని అడిగి అక్కడే అందుకుంటారు. పిల్లలు గుర్తుపెట్టుకుని చెబుతారు. బోధనలో ఇది అరుదైన నైపుణ్యం. ఏ శిక్షణ కళాశాలలోనూ నేర్పరు. నేర్పాల్సిన అవసరం ఎందుకొచ్చిందో మెసేజ్ పంపినవారే చెప్పాలి.

వంట చేసే అక్కల్ని వదిలేసి ఈ బడిని పొగిడితే తప్పవుతుంది. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం. పొద్దున్నే వచ్చి పొయ్యి వెలిగిస్తారు, వందల మందికి అన్నం, పప్పు, గుడ్లు వండి పెడతారు, రాగిజావ కాస్తారు. బిల్లులు ఆలస్యమైతే కూరగాయల కొట్లో అప్పు పెడతారు, నూనె డబ్బాకు చెవి దుద్దులు కుదువ పెట్టిన ఇళ్లూ ఉన్నాయి. ఏ మధ్యాహ్నమూ బువ్వ లేదనలేదు. పథకం పేరు ప్రభుత్వాన్ని బట్టి మారింది, ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆకలన్నవాడికల్లా అన్నం పెట్టిన తల్లి పేరది, చాలా తగిన పేరు. ఆ పేరు మోస్తున్న వంటగదిలో వండే మనిషి సరుకు అప్పు తీర్చడానికి వడ్డీకి తెస్తోందంటే, పేరు పెట్టినవాళ్లు సిగ్గుపడవలసిన విషయమే.

ఈ టర్మ్‌లో ఆటలు కూడా బాగా ఆడారు. మండల స్థాయి, డివిజన్, జిల్లా. పీఈటీ సారు ఆడపిల్లల్ని ఆర్టీసీ బస్సెక్కించి తీసుకెళ్లి, సొంత జేబులోంచి టిఫిన్ పెట్టించి, రాత్రి ఒక్కొక్కరినీ ఇంటి గుమ్మం దాకా దింపి వచ్చారు. కాళ్లకు బూట్లు లేకపోయినా ఖోఖోలో వాళ్ల పరుగు చూస్తే కడుపు నిండింది. ఇన్‌స్పైర్ మానక్ సైన్స్ పోటీకి పిల్లల ఆలోచనలు పంపారు, ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్పు పరీక్షకు ఎనిమిదో తరగతివాళ్లను సాయంత్రాలు కూర్చోబెట్టి చదివించారు. ఆ పరీక్ష నెగ్గితే ఏడాదికి 12,000 రూపాయల చొప్పున నాలుగేళ్లు వస్తాయి, కూలి ఇంటికి అది చిన్న మొత్తం కాదు. వీటి గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. బడి అంటే ఇదే.

తల్లిదండ్రుల సమావేశం కూడా అలాంటిదే కావాలి. 2024 డిసెంబరు 7న రాష్ట్రంలోని ప్రభుత్వ బళ్లన్నిటిలో ఒకే రోజు జరిపారు, 2025 జులై 10న మళ్లీ జరిపారు. ఎన్నడూ గేటు దాటని నాన్నలు తరగతి గదిలో బెంచీమీద కూర్చున్నారు. నేను దీన్ని తక్కువ చేయను. టీచర్లు తల్లిదండ్రులతో క్రమంగా మాట్లాడాలని విద్యాహక్కు చట్టమే చెబుతుంది. తోరణాలు కట్టారు, ముగ్గులు వేయించారు, అతిథులకు పూలు చల్లడానికి ఆడపిల్లల్ని వరసగా నిలబెట్టారు. అందరికీ భోజనాలు పెట్టారు. అన్నీ అందంగా జరిగాయి. ఒక తల్లి మాత్రం చివరిదాకా కాచుక్కూర్చుని, ‘మావాడు చదవగలుగుతున్నాడా మేడమ్?’ అని అడుగుతుంది. అప్పటికి మేడమ్ చేతిలో అప్‌లోడ్ చేయాల్సిన ఫొటోలుంటాయి. అయినా ఫోను పక్కనపెట్టి, ఆమె పక్కన కూర్చుని నిజం చెబుతుంది. ఆ రోజు జరిగిన సమావేశం ఆ కొద్ది నిమిషాలే. మిగతా వేడుకంతా ఎవరి కోసం జరిగిందో ఆ తల్లికి తెలియదు, అడగదు కూడా.

పూలు చల్లిన పిల్లల గురించి ఇంకొక్క మాట. మానవహారంలో, ర్యాలీలో, కోలాటంలో వాళ్ల క్రమశిక్షణ చూసి అధికారులు మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను. ఎండలో నిలబడి నీళ్లు అడగని పిల్లలు వాళ్లు. ఆ మెప్పును నీడలో, కుర్చీలో కూర్చుని చెప్పడమే నాకు నచ్చదు. మన పత్రికల జిల్లా పేజీలు కూడా ఆ కోలాటం ఫొటోనే వేస్తాయి. అదే బడిలో ఫిజిక్స్ సారు పోస్టు ఖాళీగా ఉందన్న వార్త పేజీలోకి రాదు. రాసేవాళ్లం మేమూ ఇందులో బాధ్యులమే.

డిసెంబరు వచ్చేసరికి బడంతా పదో తరగతి అయిపోతుంది. వంద రోజుల ప్రణాళిక గోడమీదికి ఎక్కుతుంది. పొద్దున ప్రత్యేక తరగతి, సాయంత్రం స్టడీ అవర్, ఆదివారాలూ బడే. వెనకబడిన పిల్లల్ని ఒక్కో టీచరు దత్తత తీసుకోవాలి. సోషల్ మేడమ్ తెల్లవారుజామున ఫోన్ చేసి ‘లేచావా నాన్నా?’ అంటుంది. వాళ్లమ్మ ఫోనెత్తి ‘లేపుతన్నానమ్మా’ అంటుంది. మేడమ్ ఇంట్లో ఆమె సొంత పిల్లలు అప్పటికింకా నిద్ర లేవరు. సాయంత్రం ఆకలికి తట్టుకోలేరని ఉడకబెట్టిన శనగలు ఆమే తెప్పిస్తుంది. పరీక్షల భయంతో ఊరు వదిలి పనికి వెళ్లిపోయిన పిల్లవాణ్ణి వెతికి వెనక్కి తెచ్చిన హెడ్మాస్టర్లున్నారు. కరోనాతో రెండేళ్లు పరీక్షలు లేకపోయాక, 2022లో రాష్ట్రంలో పదో తరగతి ఉత్తీర్ణత 67.26 శాతం. 2025లో 81.14. ఆ పెరుగుదలలో ఈ తెల్లవారుజాము ఫోన్లు ఉన్నాయి. ఇది చేసినవాళ్ల కాళ్లకు మొక్కినా తప్పులేదు.

ఈ దత్తత బిడ్డ ఎవరో కూడా చెప్పాలి. ఆరో తరగతిలో చేరినప్పుడు ఒత్తుల దగ్గర తడబడేవాడు. ఏడులో అతని తెలుగు పీరియడ్ రిపోర్టులకు పోయింది. ఎనిమిదిలో లెక్కల పీరియడ్ ఆధార్‌కు పోయింది. తొమ్మిదిలో సైన్స్ సారు శిక్షణకు వెళ్లారు, ఆ పీరియడ్ ఖాళీ. ఎవరికి వీలైతే వాళ్ల దగ్గర కూర్చుని, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పదిలోకి వచ్చాడు. అప్పుడు జాబితాలో అతని పేరు సి గ్రేడు. నాలుగేళ్లలో పోయినదాన్ని వంద రోజుల్లో తిరిగి తెచ్చిపెట్టమని మిమ్మల్ని అడిగారు. మీరు చాలా మటుకు తెచ్చిపెట్టారు. పై ఆఫీసు దీన్ని ప్రణాళిక విజయం అంటుంది. నేను మీ విజయం అంటాను, ప్రణాళిక వేసినవాళ్ల నాలుగేళ్ల నేరమనీ అంటాను.

2009 నాటి విద్యాహక్కు చట్టంలో 27వ సెక్షన్ చాలా చిన్నది. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు. ఈ మూడూ తప్ప చదువుకు సంబంధం లేని పనికి టీచర్లను వాడకూడదు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు ఉండాలని కూడా అదే చట్టం చెబుతుంది. పనిదినాల లెక్క మీరు ఎప్పుడూ సరిగ్గా చూపించారు, ఎందుకంటే ఆ లెక్క అడుగుతారు. బోధన గంటల లెక్క అడిగిన రోజున ఈ పొగడ్తలో సగం అక్కడే ఆగిపోతుంది.

వచ్చే టర్మ్‌లో నేను ఒక అధికారిని పొగడాలనుకుంటున్నాను. జిల్లాలోనైనా సరే, అమరావతిలోనైనా సరే. ర్యాలీ ఫైలు బల్లమీదికి వచ్చినప్పుడు ఏ పీరియడ్లో తీయాలి, ఎవరి పాఠం ఆపాలి అని రాసి వెనక్కి పంపిన అధికారి. హైస్కూలుకో గుమస్తాను వేసి, లెక్కల సారును తొమ్మిదో తరగతిలోనే ఉండనిచ్చిన అధికారి. వంట అక్కల బిల్లు నెల దాటకుండా చెల్లించిన అధికారి. అలాంటివారి గురించి రాయడానికి ఇంత చోటు చాలదు, ఇంకో పేజీ అడుగుతాను.