కడబంతి

మా కంపెనీకి అసలు పోటీ సుద్దముక్క. జర్మనీవాళ్ళూ కాదు, అమెరికావాళ్ళూ కాదు, ఫోన్లో లూడో ఆడించేవాళ్ళూ కాదు. అరుగు మీద అయిదు అడ్డం, అయిదు నిలువు గళ్ళు గీసి, నాలుగు గవ్వలు, గుప్పెడు చింతపిక్కలు పక్కన పోసుకుంటే అష్టాచమ్మా సిద్ధం. పులిజూదానికి మూడు పులులు, పదిహేను మేకలు కావాలి. పులులకి గులకరాళ్ళు, మేకలకి వేపకాయలు. వామనగుంటలకి పీట దొరక్కపోతే నేలలో గుంటలు తవ్వుకున్నారు. ఇలా తరతరాలుగా పబ్లిషరన్నవాడి మొహం చూడకుండా ఆడుకున్న జనానికి, అట్టపెట్టెలో ఒక ఆట పెట్టి 499 రూపాయలకి అమ్మాలని మా మరిదికి బుద్ధి పుట్టింది. పుట్టిన బుద్ధిని పంచుకోవడానికి ఇంట్లో ఖాళీగా కనిపించింది నేను.

నేను ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పి మానేసినదాన్ని. సంభావ్యత పాఠం చెప్పినవాళ్ళకి పాచికలు మాట వింటాయని అతని నమ్మకం.

ఆట పేరు 'కడబంతి'. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదన్న సామెత మీద కట్టాం. ఒక్కొక్కరి ముందు ఒక అట్ట విస్తరి. మధ్యలో కార్డుల దొంతర. అందులో పప్పు, కూరలు, పచ్చళ్ళు, పిండివంటలు. తీసిన ముక్క విస్తట్లో వేసుకోవాలి. మూడో పెరుగు ముక్క బయటపడిందంటే బంతి లేచినట్టే. అప్పటికి బూరె పడనివాడు చెయ్యి కడుక్కోవాల్సిందే. చేతిలో 'మనవాడు' ముక్క ఉందా, పక్కవాడి ఆకు దాటించి బూరెల గంప నీ దగ్గరికే రప్పించుకోవచ్చు. సమాజాన్ని ఇంత నిక్కచ్చిగా చూపించే ఆట ఇంకోటి లేదని మరిది అంటాడు. సమాజం అభిప్రాయం ఇంకా తెలియలేదు.

"క్లౌస్ టాయ్బర్ ఏం చేసేవాడో తెలుసా వదినా?" అన్నాడొక రోజు. నాకు తెలీదు. జర్మనీలో కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబు నడిపేవాడట. సాయంత్రాలు ఇంటి కింది గదిలో కూర్చుని ఆటలు కట్టేవాడట. 1995లో 'కటాన్' అనే ఆట వదిలితే ఆ ఏడాది జర్మనీలో ఉత్తమ ఆట బహుమతి దానికే వచ్చిందట, ఆ తర్వాత ప్రపంచమంతా కోట్ల పెట్టెలు అమ్ముడయ్యాయట. పక్కగదిలో లెక్కలు చూసుకుంటున్న మావారు తలెత్తకుండా అడిగారు: "పళ్ళ పని ఎప్పుడు మానేశాడు?" ఆట హిట్టయ్యాక కూడా కొన్నేళ్ళు మానలేదని మరిది ఒప్పుకోవాల్సి వచ్చింది. "అదీ!" అన్నారు మావారు. ఆ తర్వాత చాలాకాలం మా కంపెనీ విషయంలో ఆయన మాట్లాడింది ఆ రెండక్షరాలే.

మరిది ఊరుకోకుండా 'స్క్రాబుల్' కథ కూడా ఎత్తుకున్నాడు. ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్టు పనిలేని రోజుల్లో కట్టిన ఆట అది. దాన్ని తీసుకుని జేమ్స్ బ్రూనో అనే ఆయన భార్యతో కలిసి ఇంట్లోనే తయారీ మొదలుపెట్టాడు. 1949లో 2,400 సెట్లు చేసి 450 డాలర్లు నష్టపోయాడు. ఆ నష్టం దగ్గరే మావారు గొంతు సవరించుకున్నారు. మిగతా కథ, అంటే లాభాలొచ్చిన భాగం, వినేవాళ్ళు లేక ఆగిపోయింది.

నమూనా సెట్టుని పాత శుభలేఖలతో చేశాం. శుభలేఖ అట్ట దళసరిగా ఉంటుంది, వెనకవైపు ఖాళీగా ఉంటుంది, ప్రతి ఇంట్లోనూ బీరువా మీద ఒక కట్ట ఉంటుంది. ముక్కలు కోసి, స్కెచ్ పెన్నుతో వంటకాల పేర్లు రాసి, అత్తయ్యని కూర్చోబెట్టాం. వరసగా గెలుస్తూనే ఉన్నారు. నా సంభావ్యత ప్రకారం అది జరిగే పని కాదు. "ఎలా అత్తయ్యా?" అంటే, బోర్లించిన ముక్కని వేలితో తట్టి చూపించారు. "ఈ పసుపు అంచుది బందరు వాళ్ళ పెళ్ళిది. దాని మీద బూరె రాశావు. ఈ నెమలి ముక్కు ఉన్నది గుడివాడది, పెరుగు. నెమలి కనపడితే ముట్టుకోను." పైగా బందరు పెళ్ళిలో బూరెలే పెట్టలేదని, ఆ ముక్క మీద బూరె రాయడం అన్యాయమని ఒక ఫిర్యాదు.

కార్డు వెనకవైపు అన్నీ ఒకేలా ఉండటం ఎంత ముఖ్యమో ఆ రోజు అర్థమైంది. మంచి పేకముక్కల అట్టలో రెండు పొరల మధ్య నల్లటి జిగురు పెడతారట, వెలుతురుకి ఎత్తిపట్టుకున్నా లోపలిది కనపడకుండా. ప్రింటింగ్ ప్రెస్సు ఆయన్ని అడిగితే, నల్లజిగురు అట్ట మా దగ్గర దొరకదు, 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు వేస్తాను, మీరు లైటు కింద ఆడకండి, అన్నాడు.

ఆయనే ఇంకో బాంబు వేశాడు. మా ఆటలో 60 ముక్కలు. "అమ్మా, మీరు పెట్టుకున్నది పేకముక్క సైజు. 63 మిల్లీమీటర్లు, 88 మిల్లీమీటర్లు. పెద్ద షీటు మీద వరసకి తొమ్మిది, ఆరు వరసలు, 54 పడతాయి. అరవై కావాలంటే ఇంకో షీటు, ఇంకో సెట్టు ప్లేట్లు. ఆరు ముక్కల కోసం 48 ఖాళీలకి డబ్బు కడతారా?"

ఒక్కో వంటకానికి మూడేసి ముక్కలు. అంటే రెండు వంటకాలు విస్తట్లోంచి లేవాలి. ఆ రాత్రి మా ఇంట్లో జరిగింది చర్చ అనడానికి నాకు మనసొప్పదు.

దప్పళం తీసేద్దామన్నాడు మరిది. "దప్పళం లేని పెళ్ళి పెళ్ళా, సంతకాల పెళ్ళా?" అన్నారు అత్తయ్య. కంద బచ్చలి తీసేద్దామంటే, ఆవపెట్టిన కూర తెలియనివాళ్ళ కోసం ఆట చేస్తున్నారా అన్నారు. పిల్లలు ఐస్‌క్రీం ముక్కల్ని పట్టుకెళ్ళి పరుపు కింద దాచేశారు. గారె తీద్దామంటే బూరెకి తోడు పోతుంది. అప్పడం తీద్దామంటే పప్పు ఒంటరిదవుతుంది. ఇంతసేపూ గోడకానుకుని చూస్తున్న మా తోడికోడలు అప్పుడు నోరు విప్పింది. ఆమెది కరీంనగర్. "అక్కా, ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. ఇది ఎవళ్ళ పెండ్లి? బగారన్నం లేదు. మటన్ ముక్క ఒక్కటి లేదు. మా దిక్కు గిట్ల పెడితే పెండ్లి అయినంక నెల రోజులు చెప్పుకుంటరు."

ఎవ్వరం మాట్లాడలేకపోయాం. సమాజాన్ని నిక్కచ్చిగా చూపించామనుకున్నది మా వీధి చివరిదాకానేనని తేలింది. మరిది మాత్రం తేరుకున్నాడు. "దాన్ని ఎక్స్‌పాన్షన్ ప్యాక్‌గా వేద్దాం వదినా. మాంసాహార బంతి. విడిగా 199." ఒకసారి కొన్నవాడి చేతే రెండోసారి కొనిపించడానికి ఈ వ్యాపారంలో ఉన్న అధికారిక మార్గం అదేనట. చివరికి ఓటింగులో పనీరు కూర, ఫ్రైడ్ రైసు పోయాయి. వాటి తరఫున వాదించడానికి ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేకపోయారు.

ముక్కలు 54కి దిగాయి గానీ అచ్చు కదల్లేదు. మాఘమాసం వచ్చింది. "ముహూర్తాలండీ, శుభలేఖలు ముందు" అన్నాడు ప్రెస్సాయన. నిజం పెళ్ళిళ్ళు అయ్యేదాకా మా అట్టపెళ్ళి ఆగాలి. ఆగాక వచ్చిన ప్రూఫులో సాంబారుకీ చారుకీ రంగు తేడా లేదు. కంప్యూటర్లో తేడా ఉంది, కాగితం మీద లేదు. రంగు మార్చమంటే ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, చాలా పెళ్ళిళ్ళలో కూడా ఉండదు కదమ్మా అన్నాడు. దానికి సమాధానం ఇప్పటికీ నా దగ్గర లేదు.

మేం పెట్టిన ఖర్చులో నాకు ఏ పశ్చాత్తాపమూ లేనిది ఏటికొప్పాక ఖర్చు. వడ్డించేవాడి బొమ్మ ప్లాస్టిక్‌ది కాకూడదని పట్టుబట్టాను. వరాహ నది ఒడ్డున ఆ ఊళ్ళో అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ చెక్కుతారు. తిరుగుతున్న కర్రకి రంగు లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికే లక్క కరిగి పట్టేస్తుంది. మీద మొగలి ఆకు నొక్కితే మెరుపు వస్తుంది. మేం వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన మా డ్రాయింగుని తిప్పి తిప్పి చూసి, "వడ్డించేవాడంటున్నారు, పొట్ట లేదేంటమ్మా?" అన్నాడు. ఉలి ఇటు ఆనించి అటు తీసేసరికి బొమ్మకి చిన్న బొజ్జ మిగిలింది. పసుపు లక్క చొక్కా, ఎర్ర లక్క కండువా. అచ్చం మా ఊరి వంటమేస్త్రి. చేత్తో చేసినవి కనుక ఏ ఇద్దరి బొజ్జా ఒకలా ఉండదు. అది లోపమని ఎవరైనా పెట్టె తిప్పి పంపితే ఆ బొమ్మని నేనే ఉంచుకుంటాను.

ఇక కాగితాల పని. కరెంటు ఖాతా తెరవడానికి ఒక బ్యాంకుకి వెళితే, దరఖాస్తులో 'ఆటలు' అని చూడగానే అక్కడి ఆఫీసరు ముఖం మారింది. ఆయన్ని అనడానికి లేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే నిషేధించారు, 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా కేంద్రమే చట్టం తెచ్చింది.

"ఆన్‌లైనా?"

"కాదండీ, అట్టముక్కలు."

"అంటే పేకాట."

"కాదండీ, భోజనం."

"డబ్బులు పెట్టి ఆడతారా?"

"కొనడానికి మాత్రం పెడతారు."

"గెలిస్తే ఏమొస్తుంది?"

"బూరె."

ఆయన చాలాసేపు నావైపు చూసి, వ్యాపార స్వభావం అన్నచోట 'కాగితపు వస్తువులు' అని రాసుకున్నాడు.

ఎవరైనా మా ఆటని కాపీ కొడితే ఎలా అని భయపడి వకీలుని కలిశాం. మన పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3(ఎం) అని ఒకటుందట, ఆట ఆడే పద్ధతికి పేటెంటు ఇవ్వరాదని. అమెరికాలో లిజ్జీ మాగీ అనే ఆవిడ 1904లోనే తన ఆటకి పేటెంటు తెచ్చుకుంది. 'మోనోపలీ'కి మూలం ఆ ఆటే. 1935లో పార్కర్ బ్రదర్స్ ఆవిడ హక్కుల్ని 500 డాలర్లకి కొనేసింది, రాయల్టీ లేకుండా. పేటెంటు ఉన్నావిడ గతి అదైతే లేనివాళ్ళకి దిగులేంటన్నాడు వకీలు. ఫీజు మాత్రం తీసుకున్నాడు.

ఆడిటర్ దగ్గర ఇంకో చిక్కు. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. ఆటపెట్టెకి ఉంది; మొన్నటిదాకా 12 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 5. పెట్టెలో రూల్సు పుస్తకం ఉంది కదా, పుస్తకం అమ్ముతున్నాం, కార్డులు ఉచితం అంటే కుదరదా అని మరిది అడిగాడు. ఆడిటర్ నవ్వి, "ఆ రూల్సు పుస్తకం ఎవరైనా చదువుతారా?" అన్నాడు. అక్కడితో ఆ వాదన పోయింది. నిజమే, చదవరు. మా పెట్టె మీద '14 ఏళ్ళు పైబడినవారికి' అని ఉంటుంది, ఎందుకంటే అంతకన్నా చిన్నపిల్లల ఆటవస్తువులకి 2021 జనవరి నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. పద్నాలుగు దాటినవాళ్ళెవరూ రూల్సు చదవగా నేను చూడలేదు. "మీరు చెప్పండి, మేం ఆడేస్తాం" అంటారు. చెబుతుంటే ఫోను చూసుకుంటారు. ఓడిపోయాక, "ఈ రూలు ముందు చెప్పలేదే!" అంటారు.

జనవరిలో విజయవాడ పుస్తకాల పండుగలో ఒక మూల బల్ల వేశాం. వచ్చినవాళ్ళు పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశారు. ఎన్ని పేజీలన్నారు. ఫోన్లో వస్తుందా అన్నారు. రిటైరైన హెడ్మాస్టరు గారొకరు కూర్చుని పూర్తి ఆట ఆడి, మా మరిదిని ఓడించి, పెరుగు ముక్కలు ఇంకొకటి పెంచితే బావుంటుందని సలహా ఇచ్చి, ఖాళీ చేతులతో సంతోషంగా వెళ్ళిపోయారు. షాపులవాళ్ళు 40 శాతం కమీషనడిగారు, అదీ అమ్ముడైతేనే డబ్బు.

ఉగాది దాటాక ఒకావిడ ఫోను చేసింది. పండుగలో మా పెట్టె చూసిందట. వాళ్ళ మామగారి షష్టిపూర్తికి రిటర్న్ గిఫ్టుగా 300 కావాలంది. మరిది ఫోను స్పీకర్లో పెట్టాడు. అత్తయ్య టీవీ ఆపేశారు. పెట్టె మూత మీద దంపతుల ఫొటో వేస్తారా? వేస్తాం. మీ పేరు కింద చిన్నదిగా వేసుకుంటారా? వేసుకుంటాం. ఆ లక్క బొమ్మ బదులు ఏటికొప్పాక కుంకుమ భరిణె పెడతారా? పెడతామన్నాను, కాస్త ఆలస్యంగా.

"అయితే ఒక మాటండీ" అందావిడ. "లోపల ఆట తీసేస్తే ఒక్కో డబ్బాకి ఎంత తగ్గుతుంది?"

మరిది నావైపు చూశాడు. నేను అత్తయ్యవైపు చూశాను. పక్కగదిలోంచి మావారు కాలిక్యులేటరు పట్టుకుని వచ్చి, ఫోను తన దగ్గరికి లాక్కుని, "చెప్పండమ్మా, సంచీతోనా, సంచీ లేకుండానా?" అన్నారు.